సగటు చాటున దాగిన బెట్ట

మా నారాయణఖేడ్ ప్రాంతంలో సాగు ఎక్కువగా వాన మీదే ఆధారం. పత్తి, కంది, పెసర, సోయా వేసిన రైతును ఈ ఏడు వాన ఎట్లుందని అడిగితే మిల్లీమీటర్లు చెప్పడు. ‘‘టైముకు పడ్డది’’ అంటాడు, లేదంటే ‘‘పూత మీద బెట్ట కొట్టింది’’ అంటాడు. సీజన్ మొత్తానికి సాధారణ వర్షపాతమే నమోదై ఉండొచ్చు. పూత దశలో ఇరవై రోజులు చుక్క రాలకపోతే ఆ లెక్క గింజగా మారదు. కంప్యూటర్ తెర మీద బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ కార్డును కూడా ఈ కంటితోనే చూడాలి. ఆ యంత్రాన్ని కొలిచేవాళ్లకు ఈ సంగతి తెలిసి రావడానికి దాదాపు 15 ఏళ్లు పట్టింది.

తెర మీద కదిలే ఆట నిజానికి కదలని చిత్రాల వరుస. ఒక్కో చిత్రం ఒక ఫ్రేము. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఆ గడువులోనే కార్డు ఆకారాలను అమర్చి, వెలుగునీడలు లెక్కగట్టి, ప్రతి చుక్కకూ రంగు తేల్చాలి. ఒక్క ఫ్రేము ఆలస్యమైనా పాత చిత్రమే తెర మీద నిలిచిపోతుంది. మనకు అది కుదుపుగా తెలుస్తుంది.

ఇంటి కంప్యూటర్లలో త్రీడీ బొమ్మలకు ఊపు తెచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ ‘వూడూ’ కార్డు 1996లో వచ్చింది. అదే ఏడు ఐడీ సాఫ్ట్‌వేర్ ‘క్వేక్’ ఆట విడుదలైంది. అందులో టైమ్‌డెమో అనే ఏర్పాటుండేది. ముందే రికార్డు చేసిన ఆటను యంత్రం ఎంత వేగంగా నడపగలదో అంత వేగంగా నడిపి, మొత్తం ఫ్రేములను మొత్తం సెకన్లతో భాగించి, చివర ఒకే అంకె చూపేది. ఆ అంకె సగటు. 1999లో ఎన్‌విడియా తన ‘జీఫోర్స్ 256’ను జీపీయూ పేరుతో మార్కెట్లోకి తెచ్చేనాటికి, కార్డుల పోటీ అంటే సగటుల పోటీ అన్న అలవాటు పాతుకుపోయింది.

ఆ అలవాటు లోపం జంట కార్డులతో బాగా బయటపడింది. 2004లో ఎన్‌విడియా ఎస్ఎల్ఐ, 2005లో (తర్వాత ఏఎండీలో కలిసిన) ఏటీఐ క్రాస్‌ఫైర్ వచ్చాయి. ఎక్కువగా రెండు కార్డులు వంతులవారీగా ఒక్కో ఫ్రేము గీసేవి. సగటు దాదాపు రెట్టింపయ్యే ఆటలూ ఉన్నాయి. కానీ ఒక ఫ్రేము వెంటనే, తర్వాతిది ఆలస్యంగా వస్తే అంకె పెరిగినా కంటికి నునుపు దక్కదు.

అందుకే కొందరు సమీక్షకులు సగటు పక్కన కనిష్ఠ ఫ్రేమ్ రేటును కూడా రాయడం మొదలుపెట్టారు. మంచి అడుగే. అయితే ఆ కనిష్ఠాన్ని ఎలా లెక్కగట్టారన్న ప్రశ్న మిగిలిపోయింది. ఒక సెకనులో 60 ఫ్రేములు వచ్చాయనుకుందాం. వాటిలో ఒక్కటి 200 మిల్లీసెకన్లు తీసుకుంది, మిగిలిన 59 ఫ్రేములు మిగతా 800లో వచ్చేశాయి. ఆటగాడికి ఆట ఆగినట్టే అనిపిస్తుంది. సెకనుకోసారి లెక్కపెట్టే పరికరం మాత్రం కనిష్ఠం కూడా 60 అనే చెబుతుంది. ఫ్రేముకోసారి లెక్కపెడితే అదే కనిష్ఠం 5కు పడిపోతుంది. కొత్త దృశ్యం లోడయ్యేటప్పుడు ఒక్కసారి వచ్చిన ఆటంకానికి కార్డు మొత్తాన్ని చెడ్డదనడమూ తప్పే. ఒక్క రోజు వాన పడకపోతే దాన్ని కరువనం కదా. బెట్ట ఎన్ని రోజులు సాగింది, ఎన్నిసార్లు వచ్చింది అన్నదే అసలు లెక్క.

2011లో ‘ది టెక్ రిపోర్ట్’ సమీక్షకుడు స్కాట్ వాసన్ ఈ లెక్కను పట్టుకున్నారు. సెకనును పక్కనపెట్టి ప్రతి ఫ్రేముకు పట్టిన సమయాన్ని గ్రాఫుగా గీశారు. నూటికి 99 ఫ్రేములు ఎంత సమయంలోపు పూర్తయ్యాయి, 50 మిల్లీసెకన్ల గడువు దాటి మొత్తం ఎంత కాలం గడిచింది అని అడిగారు. 2012 చివర్లో ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7950, ఎన్‌విడియా జీటీఎక్స్ 660 టీఐ కార్డులను ఈ పద్ధతిలో పోల్చినప్పుడు, సగటు చెప్పని కుదుపులు రేడియాన్‌లో కనిపించాయి. ఏఎండీ డ్రైవర్లను సవరించింది. కార్డు అదే, సాఫ్ట్‌వేర్ మారింది, కుదుపులు తగ్గాయి. 2013లో ఎఫ్‌క్యాట్ అనే పద్ధతి తెరకు చేరే వీడియోనే పట్టి చూస్తే, జంట కార్డుల లెక్కలో కొన్ని ‘ఫ్రేములు’ తెర మీద సన్నని చారలుగా మాత్రమే కనిపించినవని తేలింది. ఆ ఏడు ఆగస్టులో ఏఎండీ ఫ్రేముల మధ్య ఎడాన్ని సమం చేసే డ్రైవర్ ఇచ్చింది. సరిగ్గా కొలిచారు కాబట్టే యంత్రం బాగుపడింది.

ఈ కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎం.టెక్. చదివిన రాజా కోడూరి ఎస్3, ఏటీఐ, యాపిల్ సంస్థల్లో పనిచేసి 2013లో ఏఎండీకి తిరిగొచ్చారు. 2015లో అక్కడి రేడియాన్ విభాగానికి అధిపతి అయ్యారు. కొన్ని నెలలకే స్కాట్ వాసన్ పత్రికా సమీక్ష మాని అదే విభాగంలో చేరారు. తప్పు చూపినవాడికే లోపల చోటిచ్చిన సంస్థను మెచ్చుకోవాలి. 2017లో కోడూరి ఇంటెల్‌కు వెళ్లారు. ఆయన హయాంలోనే 2022లో ఆర్క్ కార్డులు వచ్చాయి. పాత డైరెక్ట్‌ఎక్స్ 9 ఆటల్లో అవి మొదట తడబడ్డాయి. 2023 ఆరంభంలో డ్రైవర్లు మెరుగుపరిచామని చెప్పినప్పుడు ఇంటెల్ సగటుతోపాటు నూటికి 99 ఫ్రేముల లెక్కను కూడా ముందుంచింది.

ఇక కొనేవాళ్ల సంగతి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఇక్కణ్నుంచి వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి, కూడబెట్టిన డబ్బుతో కార్డు తెచ్చుకునే పిల్లలకు ఒక్క అంకె చాలదు. ‘వన్ పర్సెంట్ లో’ అన్న అంకెను తప్పక చూడండి. సగటు 100తో నిమిషం పాటు నడిపిన పరీక్షలో 6,000 ఫ్రేములుంటాయి. వాటిలో అతి నెమ్మదైన 60 ఫ్రేముల కథ అది. ఆ అరవై ఫ్రేముల సగటును కొందరు, వాటి హద్దును కొందరు చెబుతారు. కాబట్టి ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చకండి.

ఒక కార్డు సగటు 110, వన్ పర్సెంట్ లో 40 అనుకుందాం. ఇంకోదానికి 95, 70. మీ తెర 60 హెర్ట్జ్‌దైతే నేను రెండోదే కొనమంటాను. దానికి కుదుపుల సమయంలో కూడా ఫ్రేముకు పట్టేది 14 మిల్లీసెకన్ల చిల్లరే, మొదటిదానికి 25.

నింద వేసే ముందు కారణం కూడా వెతకాలి. పరీక్షను మూడుసార్లు నడపండి. కుదుపు మొదటిసారి మాత్రమే వస్తే అది లోడింగుదో, ఆట అప్పుడే తయారుచేసుకునే షేడర్లదో (వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) కావచ్చు. రిజల్యూషన్ తగ్గించినా కనిష్ఠం కదలకపోతే లోపం ప్రాసెసర్ వైపు ఉండొచ్చు. టెక్స్చర్లు (ఆకారాల మీద అతికే బొమ్మలు) తగ్గించగానే కుదుపు పోతే కార్డులో మెమొరీ చాలడం లేదని అర్థం. ఆ కొరతను సగటు బాగా దాచిపెడుతుంది.

మంచి కార్డు అంటే అన్నిటికంటే వేగంగా పరుగెత్తేది కాదు, గడువు తప్పనిది. ముందు కనిష్ఠం చూడండి, అది ఎన్నిసార్లు, ఎంతసేపు వచ్చిందో చూడండి, ఆ తర్వాతే సగటు చూసి డబ్బు తీయండి.