క్లాసులో ఒక అరబిక్.. బయటికొస్తే ఇంకో అరబిక్! కైరోలో భాష నేర్చుకునే స్టూడెంట్ రోజు ఎలా గడుస్తుందంటే..

అరబిక్ నేర్చుకుందామని ఈజిప్ట్ రాజధాని కైరోకు వెళ్లిన స్టూడెంట్‌కు మొదటి షాక్ తగిలేది క్లాసులో కాదు, మైక్రోబస్సులో. దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. పుస్తకంలో ఉన్నట్టే పద్ధతిగా "దయచేసి ఆపండి" అని అరబిక్‌లో అడుగుతాడు. పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. బస్సు మాత్రం వెళ్తూనే ఉంటుంది. వెనక నుంచి ఎవరో "అలా గంబ్!" అని కేకేస్తే టక్కున ఆగుతుంది. పక్కకు ఆపు అని దానర్థం.

ఇదేంటి, రెండూ అరబిక్ కాదా? రెండూ అరబిక్కే. చిక్కంతా అక్కడే ఉంది.

గిడుగు గుర్తొస్తారు!

క్లాసుల్లో ముందుగా నేర్పేది ఎక్కువగా ఫుస్‌హా. పుస్తకాలు, పేపర్లు, టీవీ వార్తలు, ప్రసంగాలు ఇందులోనే ఉంటాయి. మొరాకో నుంచి ఇరాక్ దాకా చదువుకున్నవాళ్లకు ఇది అర్థమవుతుంది. కానీ ఇంట్లో అమ్మ దగ్గర ఈ భాష నేర్చుకునేవాళ్లు లేరు. ఇళ్లల్లో, వీధుల్లో నడిచేది ఆమ్మియా, అంటే వాడుక భాష. అది దేశానికొక రకం.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది గ్రాంథికం, వాడుక భాష గొడవ లాంటిదే. గిడుగు రామమూర్తి లాంటివాళ్ల పోరాటంతో మన పత్రికలు, పుస్తకాలు వాడుక భాషకు వచ్చేశాయి. అరబిక్‌లో అది జరగలేదు. రైతుబజారుకు వెళ్లి "ఓయీ, ఈ వంకాయల వెల యెంత?" అని అడిగితే ఎలా ఉంటుంది? కైరో కూరగాయల కొట్లో ఫుస్‌హా మాట్లాడితే అచ్చం అలాగే ఉంటుంది.

తేడా చిన్నదేం కాదు. "నాకు కావాలి" అనడానికి పుస్తకంలో "ఉరీదు", వీధిలో "ఆయిజ్". అదే అమ్మాయి అంటే "ఆయ్జా". "ఇప్పుడు" అనడానికి క్లాసులో "అల్ ఆన్", బయట "దిల్‌వక్తి". రొట్టెను పుస్తకం "ఖుబ్జ్" అంటే కైరో "ఏష్" అంటుంది. ఆ మాటకు అసలు అర్థం బతుకు! ఇక ఉచ్చారణ సంగతి.. "జమీల్" కాస్తా "గమీల్" అవుతుంది. "ఖహ్వా" అనే కాఫీ "అహ్వా" అయిపోతుంది.

65ను 70 అనుకుంటే..

ఈజిప్ట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మన దగ్గర ఆదివారం అందరూ పడుకునే టైమ్‌కి అక్కడ స్టూడెంట్ మెట్రో ఎక్కేస్తాడు. కైరో మెట్రో 1987లోనే మొదలైంది, ఆఫ్రికాలో అదే మొదటిది. ఆడవాళ్లకు వేరే బోగీలున్నాయి. అక్కడ పక్కన కూర్చున్న పెద్దావిడ పలకరింపే అమ్మాయిలకు ఫ్రీ స్పోకెన్ క్లాస్.

అంకెలతో ఇంకో తంటా. ధరల బోర్డుల మీద అరబిక్ అంకెలు ఉంటాయి. అందులో 5 మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. అసలు సున్నా మాత్రం ఒక చుక్క. 6 చూస్తే మన 7లా కనిపిస్తుంది. అంటే 65 పౌండ్లు అని రాసి ఉంటే కొత్తవాడి కంటికి 70! అక్షరాలేమో కుడి నుంచి ఎడమకు, అంకెలేమో ఎడమ నుంచి కుడికి. పైకి చదివేటప్పుడు 25ను "ఐదు, ఇరవై" అనాలి.

తిండికి మాత్రం మనవాళ్లు పెద్దగా ఇబ్బంది పడరు. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు కలిపి పైన టమాటా సాస్, వేయించిన ఉల్లిపాయలు వేసే కుషరీ పూర్తి శాకాహారం. కారం కూడా అడిగి వేయించుకోవచ్చు. ఖర్చు సంగతి కాస్త చూసుకోవాలి. 2024 మార్చిలో ఈజిప్ట్ పౌండ్‌ను మార్కెట్‌కు వదిలేయడంతో డాలర్‌కు 31 దగ్గరున్నది 50 దాకా పడిపోయింది. డాలర్లు మార్చుకునేవాళ్ల చేతికి ఎక్కువ పౌండ్లు వచ్చాయి గానీ, ధరలూ పెరిగాయి.

మధ్యాహ్నం మొత్తం డిక్షనరీతోనే

క్లాస్ అయ్యాక హోంవర్క్. విద్యార్థులు ఎక్కువగా వాడే హాన్స్ వేర్ నిఘంటువులో మాటలు మొదటి అక్షరాన్ని బట్టి ఉండవు, ధాతువును బట్టి ఉంటాయి. క-త-బ అనే మూడు అక్షరాల నుంచి కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రచయిత, మక్తబ్ అంటే ఆఫీసు, మక్తబా అంటే లైబ్రరీ వస్తాయి. "మక్తబా" అర్థం కావాలంటే 'మ'లో కాదు, 'క'లో వెతకాలి. పైగా పేపర్లలో పొట్టి అచ్చులు రాయరు. మాట తెలిస్తేనే సరిగ్గా చదవగలరు, చదవాలంటేనేమో మాట తెలియాలి! మొదటి ఆరు నెలలు ఒక పేరా చదవడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

ఉర్దూ వచ్చిన హైదరాబాదీలకు ఇక్కడ కొంత లాభం ఉంది. లిపి, బోలెడన్ని మాటలు ముందే తెలుసు. అయితే అవే మోసం కూడా చేస్తాయి. మన "వకీలు" అరబిక్ మాటే, కానీ అక్కడ వకీల్ అంటే ఏజెంటు, ప్రతినిధి. లాయర్‌ను "ముహామీ" అంటారు.

అసలు ఉచ్చు వేరే ఉంది. మాదీ, జమాలెక్ లాంటి ఏరియాల్లో స్టూడెంట్ తడబడగానే అవతలివాళ్లు ఇంగ్లిష్‌లోకి దిగిపోతారు. రూముకొస్తే మనవాళ్లతో హిందీ, తెలుగు. అలా ఏడాది గడిపి టీవీ వార్తలు అర్థమవుతూ, టాక్సీ బేరం మాత్రం ఆడలేని స్థితిలో తిరిగొచ్చే ప్రమాదం ఉంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో చాలామందిది సరిగ్గా రివర్స్. ఒక్క అక్షరం చదవలేకపోయినా అరబ్బీ గలగలా మాట్లాడేస్తారు.

మరి ఏది నేర్చుకోవాలి?

డాక్యుమెంట్లు అనువదించే పని, యూనివర్సిటీ చదువు, న్యూస్ ఉద్యోగం కావాలంటే ఫుస్‌హా లేకుండా కుదరదు. మనుషులతో మాట్లాడే పనైతే అదొక్కటే చాలదు. వాడుక భాషల్లో ఈజిప్ట్‌ది కాస్త నయం. అక్కడి సినిమాలు, సీరియళ్ల పుణ్యమా అని మిగతా అరబ్ దేశాల్లోనూ దాన్ని చాలామంది అర్థం చేసుకుంటారు. కానీ వాళ్లు తిరిగి మాట్లాడేది వాళ్ల యాసలోనే కదా!

హైదరాబాద్ ఆసుపత్రులకు ఇరాక్, ఒమన్, యెమెన్, సూడాన్ లాంటి దేశాల నుంచి రోగులు వస్తుంటారు. డాక్టర్‌కు, వాళ్లకు మధ్య నిలబడేది దుబాసీయే. గుండెను పుస్తకంలో "ఖల్బ్" అంటారు. ఖ సరిగ్గా పలక్కపోతే "కల్బ్" అవుతుంది, అంటే కుక్క! కైరో మనిషి అదే గుండెను "అల్బ్" అంటాడు, ఇరాక్ మనిషి "గలుబ్" అంటాడు. రోగి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఇందులో ఏ మాట అన్నా, దుబాసీ ఆ క్షణంలోనే డాక్టర్‌కు చెప్పాల్సి ఉంటుంది.