పరుగు వెనుక పరిచర్య

గమ్యం చేరినవాని మెడలో పూలదండ పడుతుంది. దారి పొడుగునా అతనికి నీళ్ళందించిన చేయి ఎవరిదని అడిగేవారు అరుదు. ఇది లోకసహజం. కాని ఒక పూటతో ముగియక, దినాల తరబడి, మాసాల తరబడి సాగే పరుగులో, అందునా పరుల మేలుకోరి తలపెట్టిన పరుగులో, ఆ చేయి లేనిదే ఈ కాళ్ళు ముందుకు సాగవు.

ఈ సంగతి తలచుకొనడానికి రావులపాలెం తగిన తావు. గౌతమీ వశిష్ఠల నడుమ, కోనసీమకు ముఖద్వారమై వెలసిన ఈ ఊరి మీదుగానే చెన్నై, కలకత్తాల రహదారి పోతున్నది. దేశంలోని నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజిలో అదొక భుజం. ఆ చతుర్భుజినంతటినీ పరుగుతో చుట్టిరావాలని అజ్మీరు వనిత సూఫియా ఖాన్ 2020 డిసెంబరు 16న ఢిల్లీలో బయలుదేరింది. 2021 ఏప్రిల్ 6న తిరిగి ఢిల్లీ చేరింది. నడుమ గడచినవి 111 రోజులకు కొంచెం తక్కువ. పరుగెత్తిన దూరం 6,002 కిలోమీటర్లు. అనగా దినానికి సగటున 54 కిలోమీటర్లు! ఆమె భర్త ఆమెకు తోడుగా సాగాడు. రికార్డు ఆమె పేర నిలిచింది, అది న్యాయమే. కాని ఆ రికార్డులో తోడు వచ్చినవారి శ్రమ ఎంత ఇమిడి ఉన్నదో అంకెలు చెప్పవు.

చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడడమే సహాయకుని పని అనుకోరాదు. చెమటతో నీరే గాక ఉప్పు కూడా దేహాన్ని విడిచిపోతుంది. అది తెలియక, దప్పిక తీరిన పిమ్మట కూడా మంచినీళ్ళే తాగిస్తూపోతే, నెత్తురులో సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమే సంభవిస్తుంది. కోనసీమ కొబ్బరినీళ్ళు అమృతోపమానాలే. కాని వాటిలో పొటాసియం ఎక్కువ, సోడియం తక్కువ. అందుచేత ఉప్పు కలిపిన మజ్జిగో, గంజో కూడా సిద్ధంగా ఉండవలె. రావులపాలెం సంతకు పేరు తెచ్చిన అరటిపండు సులువుగా నమలవచ్చును, త్వరగా సత్తువ నిస్తుంది. పాదం మీద చర్మం ఎరుపెక్కినప్పుడే, బొబ్బ లేవకముందే, కట్టు కట్టవలె. తడిసిన మేజోళ్ళు మార్పించవలె. రాత్రి బస ఎక్కడ, రేపటి దారి ఎటు, వెనుక వచ్చే లారీల రద్దీ ఎంత, ఇదంతా సహాయకుడు చూచుకోవలసిందే. అన్నిటికంటె కఠినమైన పని మరొకటి ఉన్నది: ‘ఇక చాలు’ అనవలసిన ఘడియను గుర్తించడం. పరుగెత్తేవానికి పట్టుదల ఉంటే చాలును. పక్కనున్నవానికి వివేకం కూడా ఉండవలె.

ఆ రెంటికీ ఎంత పెనుగులాట జరుగుతుందో కెనడా దేశపు టెరీ ఫాక్స్ కథ చెబుతుంది. ఎముక క్యాన్సరు మూలాన 1977లో అతని కుడికాలు మోకాలి పైవరకు తీసివేశారు. అప్పటికి అతని వయస్సు 18 ఏండ్లు. క్యాన్సరు పరిశోధనకు దేశంలో తలకొక డాలరు చొప్పున విరాళం కూర్చాలని, 1980 ఏప్రిల్ 12న కృత్రిమపాదంతో పరుగు ప్రారంభించాడు. వెంట ఉన్నది బడినాటి చెలికాడు డగ్ ఆల్వర్డ్ ఒక్కడే. వ్యాను నడపడం, వంట చేయడం, ముందుకు పోయి మైలు మైలుకూ నీళ్ళతో కాచుకొని ఉండడం, అన్నీ అతని పనులే. రాత్రింబవళ్ళు ఒకే వ్యానులో గడిపిన ఆ ప్రాణస్నేహితులకు కొన్ని వారాలకే మాటలు లేకుండా పోయాయి! టెరీ తలిదండ్రులు విమానంలో వచ్చి సర్దిచెప్పవలసి వచ్చింది. ఆపైన తమ్ముడు డారెల్ వచ్చి చేరి, తన హాస్యంతో ఆ బరువు తేలిక చేశాడు. వైద్యపరీక్షకు రమ్మంటే టెరీ ఒప్పేవాడు కాదు. తుదకు 143 రోజులు, 5,373 కిలోమీటర్లు గడిచాక, సెప్టెంబరు 1న థండర్ బే సమీపాన, రొమ్ములో నొప్పి సహించలేక తానే ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్ 28న అతడు కన్నుమూశాడు. అప్పటికే 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా పోగయినాయి. తలకొక డాలరన్న కోరిక నెరవేరింది.

బాటసారికి ఆసరా కావడమనే ధర్మం గోదావరి సీమకు పరాయిది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికి కూడా విస్తరి వేసిన ఇల్లాలు. ఒకప్పుడు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిందట. దారిలో ఆకలిగొన్న ప్రయాణికులు, ‘గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుంద’ని పిల్లలను ఊరడించడం ఆమె చెవిని పడింది. వెంటనే యాత్ర మాని ఇంటికి మరలి, వారికి వండి వడ్డించిందని పెద్దలు చెప్పుకొంటారు. ఇతరుల ప్రయాణం సాగడానికి తన ప్రయాణం ఆపుకొనడం కంటె మించిన పరిచర్య ఏమున్నది? 2024 నుండి ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు.

ప్రతిరోజూ ఆ పేరు వినే బాలబాలికలకు ఉపాధ్యాయులు ఈ మాట కూడా చెప్పదగును. క్రీడాదినాన పందెంలో ఓడినవారికీ, పందెంలో దిగనివారికీ ఒక గౌరవస్థానం ఉన్నది. అలసినవానికి ఏది, ఎంత, ఎప్పుడు అందించాలో నేర్చుకొనడం కూడా ఒక విద్యయే. గెలిచినవారి పేర్లు వ్రాసే పలక మీద, నీళ్ళందించినవారి పేర్లకు కూడా ఒక వరుస విడిచిపెట్టవచ్చును.