ఇచ్చే చేతికీ అందుకునే చేతికీ మధ్య

వరదొచ్చిందనగానే మనకి ముందు గుర్తొచ్చేది పులిహోర పొట్లం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో మునిగినప్పుడు చూశాం కదా. ఎవరూ ఎవర్నీ అడగలేదు. గుండిగలు పొయ్యెక్కాయి, పొట్లాలు కట్టారు, పడవలెక్కించారు. ఆడవాళ్లకి ఇందులో ఒకరు చెప్పాల్సింది ఏమీ లేదు. అయితే నీళ్లు తీసేశాక సంగతేమిటి? బురద పట్టిన పరుపులు, పాడైన ఫ్రిజ్జు, తుప్పు పట్టిన కుట్టుమిషను, తడిసి ముద్దయిన పిల్లల సర్టిఫికెట్లు. అప్పటికి పొట్లాలు ఆగిపోతాయి, టీవీ కెమెరాలు ఇంకో ఊరు వెళ్లిపోతాయి. ట్రస్టులూ ఫౌండేషన్లూ స్వచ్ఛంద సంస్థలూ పనికొచ్చేది అసలు అప్పుడే.

ఆ సంస్థలకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ దారిలో వస్తుంది, ఆ దారికి అడ్డుకట్టలు ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు అన్న సంగతి మనం పెద్దగా పట్టించుకోం. అదంతా ఆడిటర్ల గొడవ అనుకుంటాం. కానీ ఢిల్లీలో ఒక నిబంధన మారితే మన జిల్లాలో ఓ మారుమూల ఊళ్లో కాన్పు కేంద్రమో, ఒంటరి ఆడవాళ్ల వసతి గృహమో తలుపు మూసుకోవచ్చు. అందుకని ఇది మన గొడవ కూడా.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి కృష్ణా జిల్లా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదివేలమంది దాకా పోయారు. ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మదర్ థెరిసా వచ్చారు, రామకృష్ణ మిషన్ వచ్చింది, దేశ విదేశాల నుంచి ఎన్నో సంస్థలొచ్చి ఇళ్లు కట్టాయి. అప్పటికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పుట్టి ఏడాది దాటింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో తెచ్చిన చట్టమది. రాజకీయ పార్టీలకీ, ఎన్నికల్లో నిలబడేవాళ్లకీ, పత్రికలకీ విదేశీ సొమ్ము అందకూడదన్నది ముఖ్యోద్దేశం. సేవాసంస్థలు మాత్రం డబ్బు తీసుకుని, ఇంత వచ్చింది, ఇలా ఖర్చుపెట్టాం అని తర్వాత ప్రభుత్వానికి తెలియజేస్తే సరిపోయేది. ముందుగా రిజిస్టరు చేయించుకోవాలన్న షరతు 1984 సవరణతో వచ్చింది. 2010లో పాత చట్టం పోయి కొత్తది వచ్చింది, 2011 మే నుంచి అమలైంది. దాంతో రిజిస్ట్రేషన్ శాశ్వతం కాకుండా పోయింది. అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మన గ్యాస్ కనెక్షన్‌కి ఏటేటా రెన్యువల్ లేదు కానీ అనాథ పిల్లల బడికి ఉందన్నమాట!

ఈ డబ్బుతో ఏం జరుగుతుందో చూడాలంటే అనంతపురం వెళ్లాలి. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ని 1968లో మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి, అసలు దేశం నుంచే పొమ్మన్నారు. ఆయన వెళ్లి, తిరిగొచ్చి, 1969లో అనంతపురంలో కాలుమోపారు. కరువు తప్ప మరేమీ పండని నేల. అక్కడ మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బళ్లు పెట్టింది, బత్తలపల్లిలో ఆస్పత్రి కట్టింది, పేదలకి ఇళ్లు కట్టించి ఆ ఇళ్లని ఆడవాళ్ల పేరు మీద రాయించింది. ఆ చివరి మాట నాకు అన్నిటికంటే నచ్చుతుంది. తాగొచ్చిన మొగుడు 'నా ఇంట్లోంచి పో' అనడానికి వీల్లేదు మరి. స్పెయిన్‌లో మామూలు సంసారుల కుటుంబాలు ఒక్కో పిల్లనీ పిల్లాణ్ణీ దత్తు తీసుకున్నట్టుగా నెలనెలా పంపే చిన్న మొత్తాలే దీనికి పెద్ద ఆధారం. 2020లో కరోనా వచ్చినప్పుడు బత్తలపల్లి ఆస్పత్రిని కోవిడ్ రోగులకి కేటాయించారు. 2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ చిక్కులో పడినప్పుడు జిల్లాలో జనం రోడ్ల మీదకొచ్చారు. ఒక ట్రస్టు లైసెన్సు కోసం పల్లెటూరి ఆడవాళ్లు రోడ్డెక్కడం ఎక్కడైనా చూశామా?

కరోనా మొదటి విడతలో పెద్ద ఫౌండేషన్లు ఎంత వేగంగా కదిలాయో ఒప్పుకుని తీరాలి. దేశమంతా లాక్‌డౌన్ పెట్టింది 2020 మార్చి 25 నుంచి. మార్చి 28న టాటా ట్రస్టులు 500 కోట్లు ప్రకటించాయి, టాటా సన్స్ మరో వెయ్యి కోట్లు. ఏప్రిల్ 1న అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, విప్రో కంపెనీలు కలిసి 1125 కోట్లన్నాయి. అదే వారంలో పీఎం కేర్స్ నిధి ఏర్పడింది. కంపెనీల చట్టం ప్రకారం ఓ స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి కదా, 2014 నుంచి ఉన్న నియమం. పీఎం కేర్స్‌కి ఇస్తే అది ఆ లెక్కలోకి వస్తుందన్నారు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే రాదన్నారు. తేడా ఎందుకో నాకిప్పటికీ బోధపడదు. ఆకలి రాష్ట్రంలో వేస్తే ఒకటి, దేశంలో వేస్తే ఇంకొకటా?

ఇంటి ఖర్చులు రాసే ఇల్లాలికి వెంటనే తోచే సందేహం ఒకటుంది. ఆ 2 శాతం పెరగలేదు, అంతే ఉంది. పెళ్లి ఖర్చు మీద పడితే ఆ ఏడాది పిల్లల బట్టలు తగ్గుతాయి. అలాగే కరోనాకి మళ్లిన సొమ్ము ఇంకెక్కణ్ణుంచో తగ్గాలి. ఆడపిల్లల చదువు, కుట్టుపని శిక్షణ, రక్తహీనత మీద పనిచేసే కార్యక్రమాలు ఇలాంటప్పుడు ముందుగా వెనక్కి జరుగుతాయి. వాటికి ఫోటోలో ఎమర్జెన్సీ కనపడదు మరి.

ఇక అసలు సంగతి 2020 సెప్టెంబరులో జరిగింది. విదేశీ విరాళాల చట్టానికి సవరణ 21న లోక్‌సభలో, 23న రాజ్యసభలో గట్టెక్కి 29 నుంచి అమల్లోకొచ్చింది. రోగం నడుమ ఉండగానే. అందులో మూడు అంశాలు చెబుతాను.

ఒకటి, విదేశీ విరాళం తీసుకునే ప్రతి సంస్థా ఢిల్లీలో పార్లమెంటు వీధిలో ఉన్న స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. ముందు ఆ ఖాతాలోనే పడాలి, అక్కణ్ణుంచి మన ఊరి బ్యాంకుకి తెచ్చుకోవచ్చు. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, దగ్గర్లోని స్టేట్ బ్యాంకు శాఖలో కాగితాలిస్తే చాలన్నారు, అది నిజమే. రెండు, పాలనాఖర్చులు 50 శాతం దాకా ఉండొచ్చన్నది కాస్తా 20 శాతానికి తగ్గింది. ఆస్పత్రి డాక్టరు జీతం, బడి పంతులమ్మ జీతం ఇందులోకి రావు. లెక్కలు రాసే అమ్మాయి జీతం, ఆఫీసు అద్దె, రిపోర్టులు తయారుచేసే ఖర్చు, అవీ వస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది, విరాళంలో ఎక్కువ భాగం పేదలకే పోవాలి కదా అనిపిస్తుంది. కానీ లెక్కలు ఎక్కువ అడుగుతూ లెక్కలు రాసే మనిషికి జీతం తగ్గించమంటే ఎలా?

మూడోది మిగతా రెంటికంటే పెద్దది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. అంతకు ముందు, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి ఇవ్వొచ్చు. ఇందులో ఏం మునిగిందంటారా? ఓ విదేశీ ఫౌండేషన్ శ్రీకాకుళం ఏజెన్సీలోనో, ఆదిలాబాద్ గూడేల్లోనో పనిచేసే పదిమంది ఆడవాళ్ల సంస్థని వెతుక్కుంటూ రాలేదు. ఇంగ్లీషులో దరఖాస్తు రాసి పంపడం వీళ్లకీ రాదు. నగరంలో ఓ పెద్ద సంస్థకి డబ్బొస్తే, అది ఇలాంటి చిన్నవాటికి పంచేది, లెక్కలు నేర్పేది. పెద్ద చెరువు నుంచి పిల్లకాలవల్లోకి నీళ్లు వదిలినట్టు. ఇప్పుడు చెరువు నిండినా కాలవలకి తూము లేదు. డబ్బే కాదు, విదేశాల నుంచి వచ్చిన వస్తువులూ చట్టం దృష్టిలో విదేశీ విరాళమే.

తర్వాత 2021 ఏప్రిల్ వచ్చింది. ఆ నెలని ఎవరం మర్చిపోలేం. ఆక్సిజన్ కోసం ఊరంతా తిరిగిన నెల. మే మొదటి వారానికి రోజుకి 4 లక్షల కేసులు దాటాయి. సరిగ్గా ఆ సమయానికి సేవాసంస్థల బల్ల మీద ఏమేం కాగితాలున్నాయో చూడండి. ఢిల్లీ ఖాతాకి గడువు మార్చి 31. ఏప్రిల్ 1 తర్వాత ఆ ఖాతాలో తప్ప మరెక్కడా విదేశీ డబ్బు తీసుకోకూడదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు చేసుకోవాలి. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఎప్పుడో తీసుకున్న 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లు కూడా అదే ఏప్రిల్ 1 నుంచి మళ్లీ కొత్తగా చేయించుకోవాలి. ఒక పక్క ఇంటింటికీ మందుల కిట్లు, ఇంకో పక్క మూడు రకాల ఫారాలు. పనిచేసే మనుషులకే జ్వరాలు. ఢిల్లీ ఖాతా ఇంకా తెరుచుకోని సంస్థకి బయటి దేశంలో ఎవరైనా డబ్బిస్తానన్నా చేయిచాచే వీల్లేకపోయింది.

ఆ గడువుని జూన్ 30 దాకా పొడిగిస్తూ హోంశాఖ చెప్పింది మే 18న. అప్పటికి రెండో విడత ఉద్ధృతి దాటిపోయింది. విదేశాల నుంచి ఉచితంగా వచ్చే కోవిడ్ సామగ్రికి జీఎస్టీ మినహాయింపు మే 3న ఇచ్చారు. అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపించాయి. గాజియాబాద్ ఇందిరాపురంలో ఓ గురుద్వారా ముందు కారులో కూర్చోబెట్టి రోగులకి ఆక్సిజన్ పెట్టిన 'ఆక్సిజన్ లంగరు' మనమంతా టీవీలో చూశాం. మనిషి మనసు ఎక్కడా ఆగలేదు. ఆగిందల్లా కాగితం దగ్గరే.

ప్రభుత్వం వైపు మాట కూడా వినాలి. సవరణ బిల్లుతో పాటు ఇచ్చిన వివరణలో, 2010కీ 2019కీ మధ్య విదేశీ విరాళాలు దాదాపు రెట్టింపయ్యాయనీ, లెక్కలు సరిగ్గా చూపించనివీ, నియమాలు పాటించనివీ 2011 నుంచి 2019 లోపల 19 వేలకి పైగా సంస్థల రిజిస్ట్రేషన్లు రద్దు చేశామనీ చెప్పింది. దొంగ ట్రస్టులు లేవని ఎవరంటారు? బోర్డు తప్ప బడి లేని సంస్థలు ప్రతి జిల్లాలోనూ ఉంటాయి. 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు కూడా ఈ సవరణలు చెల్లుతాయనే తీర్పిచ్చింది. ఆధార్ తప్పనిసరి అన్న చోట మాత్రం పాస్‌పోర్టు చూపించినా చాలని సడలించింది. సరే. కాకపోతే అదే ఏడాది జూలైలో, సంస్థలు సమర్పించే వార్షిక లెక్కలని హోంశాఖ తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. అంతకు ముందు ఎవరైనా చూసుకోవచ్చు. దొంగని పట్టుకోవడానికి దీపం కావాలి గానీ, దీపం ఆర్పేస్తే ఎలా పట్టుకుంటాం?

విధానాలు మారడమంటే మన దేశంలోనే అనుకోకండి. 2025 జనవరిలో అమెరికాలో కొత్త ప్రభుత్వం రాగానే విదేశీ సాయం ఆపేసింది. జూలై 1 నాటికి యూఎస్ఎయిడ్ అన్న సంస్థే లేకుండా పోయింది. ఆ దెబ్బ హైదరాబాదులో ఎక్కడ తగిలిందో తెలుసా? 2021లో మొదలైన 'మిత్ర్ క్లినిక్' మీద. ట్రాన్స్‌జెండర్ల కోసం, వాళ్లే ముందుండి నడిపిన క్లినిక్. మామూలు ఆస్పత్రికి వెళితే ఆడవాళ్ల వరసలో నిలబడనీరు, మగవాళ్ల వరసలో నిలబడలేరు. చీదరింపు లేకుండా నాడి పట్టుకునే డాక్టరు దొరికిన చోటది. డబ్బు ఆగడంతో మూతపడింది. కొన్ని నెలలకి టాటా ట్రస్టుల సాయంతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరిచారు. ఒక ఫౌండేషన్ సమయానికి చెయ్యందిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అయితే ఆ మధ్య నెలల్లో మందు ఆగిన వాళ్ల సంగతి ఎవరు రాస్తారు?

అమెరికా ఫౌండేషన్లకి అక్కడి చట్టం ఏటా తమ ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చుపెట్టాలంటుంది. చాలా సంస్థలు ఆ గీత దగ్గరే ఆగుతాయి. ఆ ఏడు మెక్ఆర్థర్ ఫౌండేషన్ రెండేళ్లపాటు 6 శాతమైనా ఇస్తామంది. గేట్స్ ఫౌండేషన్ ఇరవయ్యేళ్లలో మొత్తం ఖర్చుపెట్టేసి 2045 చివర్లో మూసేస్తామంది. మూలధనాన్ని కలకాలం దాచుకోవడం కంటే అవసరం ఉన్నప్పుడు వాడటమే మేలన్న ఆలోచన. ఇంట్లో జబ్బు చేస్తే గాజులు తీసి ఇచ్చిన ఆడవాళ్లకి ఇదేం కొత్త సిద్ధాంతం కాదు లెండి.

ఇక మన వంతు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానమిచ్చిన పాతబట్టలు గుట్టలుగుట్టలుగా పడి ఉండిపోయాయి. బెస్తపల్లెల ఆడవాళ్లకి పార్టీ గౌన్లూ ఉన్ని కోట్లూ ఎందుకు? అంశు గుప్తా 1999లో మొదలుపెట్టిన 'గూంజ్' సంస్థ ఆ బట్టలు పోగుచేసి వేరుచేసింది. ఈ సంస్థ నూలు పాతబట్టని శుభ్రం చేసి నెలసరి గుడ్డలుగా కుట్టి పంచుతుంది. వరద సహాయంలో మగవాళ్లు రాసే జాబితాల్లో ఎప్పుడూ ఉండని వస్తువు అది. గూంజ్‌లో లంగాలు పంపేముందు ఒక్కోదాన్నీ చూసి, బొందు లేకపోతే కొత్త బొందు ఎక్కించి మరీ మూటకడతారు. ఈసారి వీధిలో బట్టలు పోగుచేయడానికి ఎవరైనా వస్తే, లోపలికెళ్లి బీరువా తీసేటప్పుడు ఆ బొందు ఉందో లేదో ఓసారి చూడండి. డబ్బే ఇచ్చేట్టయితే రసీదు అడగండి. రెండువేలు దాటిన నగదుకి పన్ను రాయితీ రాదు, చెక్కో ఆన్‌లైనో అయితే నయం. నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో ఆ సంస్థ పేరుందేమో పిల్లల్ని చూసిపెట్టమనండి. అన్నీ సరిగ్గా ఉంటే, ఈ డబ్బు ఫలానా దానికే వాడాలని షరతు పెట్టకండి. వాళ్ల లెక్కలమ్మాయి జీతానికి వాడుకున్నా పరవాలేదని చెప్పండి. ఆ మాట వాళ్లకి చెప్పే దాతలు చాలా తక్కువ.