పొద్దు నీళ్లు తాగుతదా?



ల్యాబు ఉంటేనే సైన్సు అని మనం అనుకుంటాం. కాని ఒకటో తరగతి పిల్లలకు కూడా సైన్సు చెప్పవచ్చు. ఎట్లనో నేను చూసింది రాస్తున్నాను.

మా చిన్నమ్మ కూతురు ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. తెలుగు ఇంకా సరిగా రాదు. క్లాసులో గ్లాసు చూపించి "ఇందులో ఏముంది?" అని అడిగితే "ఏరు" అన్నదట. మా కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. "గ్లాసులో ఏరు ఉంటదా?" అని అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల క్లాసులో నోరు తెరవలేదు. ఇంటికి పోతానని ఒకటే ఏడుపు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, నేనూ అట్లనే ఏడ్చాను.

ఆదివారం బట్టలు ఆరేస్తూ కోయలో అడిగాను, "తడి గౌనులో నీళ్లు ఎటు పోయినయి?" అని. వెంటనే చెప్పింది, "పొద్దు తాగేసిందక్కా!"

తప్పు అని నేను అనలేదు. "నీరు ఆవిరి అయినది" అని రాయిస్తే రాస్తది, కాని పొద్దు తాగుతదని లోపల అట్లనే ఉంటది. అందుకని "సరే, చూద్దాం" అన్నాను.

మూడు స్టీలు ప్లేట్లు తెచ్చి ఒక్కో గ్లాసు నీళ్లు పోశాం. ప్లేట్లు ఒకే సైజువి కావాలి. ఎందుకంటే అవే నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువ అయినయని చిన్న పిల్లలు చాలామంది అంటారు. స్విట్జర్లాండు శాస్త్రవేత్త జీన్ పియాజే ఇట్లా పిల్లలను అడిగి చూశాడని మా సారు చెప్పారు. ఒక ప్లేటు ఎండలో, ఒకటి వరండా నీడలో, ఇంకొకటి ఎండలోనే మూత పెట్టి ఉంచాం. ఏది ముందు ఖాళీ అయితదో పిల్లలతో ముందే చెప్పించాం. ఇది మరవకూడదు. చెప్పినవాళ్లకే చూడాలని ఉంటది.

మొదటి రోజు ఎండలోని నీళ్లు కుక్క తాగింది! రెండో రోజు మా పిల్లే కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

సాయంత్రానికి ఎండ ప్లేటు ఎండిపోయింది. మూత కింద నీళ్లు దాదాపు అట్లనే ఉన్నయి. నీడలో కూడా కొంచెం తగ్గినయి. "అక్కడికి పొద్దు రాలేదు కదా, మరి ఎవరు తాగారు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి "గాలిలోకి పోయినయా?" అన్నది. అప్పుడు చెప్పాను ఆవిరి అనే మాట. నీళ్లు కంటికి కనపడకుండా గాలిలో కలుస్తయి, వేడి ఉంటే తొందరగా కలుస్తయి, మూత ఉంటే పోలేవు. అన్నం గుండి మీద తెల్లగా కనపడేది చల్లబడిన చిన్న చిన్న నీటి బొట్లు. అసలు ఆవిరి కనపడదు.

2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర లాంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు కొన్ని బడుల్లో చదువు చెప్పడం మొదలుపెట్టారు. పుస్తకాలు తెలుగు అక్షరాల్లోనే వేశారు. అట్లా చెప్పేవాళ్లు లేని చోట మనం పెద్ద పిల్లలం ఉన్నాం కదా.

నిన్న అది నన్ను తెలుగులోనే అడిగింది, "అక్కా, రాత్రి పూట కూడా పోతయా నీళ్లు?" రాత్రి వరండాలో ప్లేటు పెడుతున్నాం, గీత గీసి. దయచేసి ఎవరూ అందులో చేతులు కడగవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని