పెరట్లో స్విమ్మింగ్ పూలా? కంచె చూసే మనిషిని చూసి పిలవండి!

పెరట్లో నుయ్యి ఉన్న ఇంట్లో పిల్లాడు పాకడం మొదలుపెట్టాడంటే మన పెద్దవాళ్లు ముందు ఏం చేస్తారు? నూతి మీద ఇనప చట్రం వేయిస్తారు. ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్లు కాపురముంటున్న ఇళ్లల్లో నూతులు ఉండవు గానీ, చాలా పెరళ్లలో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. మన నూతికి చట్రం ఎలాగో, అక్కడి పూల్‌కి కంచె అలాగ.

నీళ్లలో పడ్డ పిల్లాడు అరుస్తాడు, మనకి వినబడుతుంది అనుకుంటాం. అలా జరగదండీ. నోట్లోకి నీళ్లు పోతుంటే కేక ఎలా వస్తుంది? వంటింట్లో పోపు వేసి వచ్చేలోపు చప్పుడు లేకుండా ప్రాణం పోతుంది. అందుకే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1992 లోనే దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. పూల్‌ని ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేయాలి. 2016 ఏప్రిల్ 29 నుంచి, పూల్ ఉన్న ఇల్లు అద్దెకివ్వాలంటే కంచె సరిగ్గా ఉందనే సర్టిఫికెట్ ఉండి తీరాలి. అది మూడేళ్లు చెల్లుతుంది. మీరు గానీ, మీ వాళ్లు గానీ అక్కడ పూల్ ఉన్న విడి ఇంట్లో అద్దెకి దిగుతుంటే, ఏజెంటుని ఆ కాగితం కాపీ అడగడం మర్చిపోకండి.

ఎవరిని పిలవాలి?

ఈ సర్టిఫికెట్ కంచె కట్టిన మేస్త్రీ ఇవ్వలేడు, పూల్‌లో నీళ్లు శుభ్రం చేసే అతనూ ఇవ్వలేడు. ఇద్దరే ఇవ్వగలరు: ఆ ఊరి కౌన్సిల్ పంపించే అధికారి, లేదా రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఈ పనికి రిజిస్టరైన ప్రైవేటు ఇన్‌స్పెక్టర్. కౌన్సిల్ వసూలు చేసే ఫీజుకి ప్రభుత్వం హద్దు పెట్టింది. ప్రైవేటు వాళ్లకి ఆ హద్దు లేదు. కాబట్టి ఇద్దరు ముగ్గురిని అడిగి చూసుకోండి. అలాగని చవకగా వస్తున్నాడు కదా అని పిలిచేయకండి. ముందు ఈ నాలుగు సంగతులు చూడండి.

1. ఆయన పేరు ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉందా? రిజిస్ట్రేషన్ గడువు దాటలేదు కదా? పూల్ తనిఖీకేనా, ఇంకో రకం పనికా? ఇవన్నీ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. పిల్లలకి చెబితే రెండు నిమిషాల్లో చూసిపెడతారు.

2. మొదటిసారి ఎంత, మరమ్మతు చేయించాక మళ్లీ రావడానికి ఎంత? రెండూ ముందే కాగితం మీద రాయించుకోండి. మొదటి ఫీజు తక్కువ చెప్పి రెండోసారి బాదేవాళ్లూ ఉంటారు.

3. తప్పులు చూపించిన మనిషే ఆ మరమ్మతులూ నేనే చేస్తానంటే కాస్త ఆగండి. చిన్నపాటి పనికి ఇబ్బంది లేకపోవచ్చు. పెద్ద ఖర్చు చెబితే మాత్రం ఇంకో చోట రేటు అడగండి.

4. పూల్ ఎప్పుడు కట్టారని ఆయన అడిగాడా? ఇది చాలా ముఖ్యం. 1990 ఆగస్టు 1 కి ముందు కట్టినవాటికి ఒక నియమం, తర్వాతవాటికి ఇంకో నియమం. 2008 లోనూ, 2013 లోనూ మళ్లీ మారాయి. ఏడాది అడగకుండానే కొలతలు మొదలుపెట్టేవాడికి పని రాదన్నమాటే.

మంచి ఇన్‌స్పెక్టర్ ఎలా చూస్తాడు?

దూరం నుంచి చూసి సంతకం పెట్టడు. చేతిలో టేపు ఉంటుంది. గేటుని పూర్తిగా తెరిచి వదులుతాడు, సగం తెరిచి వదులుతాడు, జానెడు తెరిచీ వదులుతాడు. ప్రతిసారీ దానంతటదే మూసుకుని గడియ పడాల్సిందే. గేటు పూల్ వైపు కాకుండా బయటివైపుకి తెరుచుకోవాలి. కొత్త పూల్స్‌కి కంచె ఎత్తు కనీసం 120 సెంటీమీటర్లు, కింద సందు 10 సెంటీమీటర్లు మించకూడదు. కంచె దగ్గర పూలకుండీ, ఏసీ పెట్టె, చెట్టుకొమ్మ లాంటివి, పిల్లాడు కాలు పెట్టి ఎక్కేవి ఉన్నాయా అని కూడా చూస్తాడు. గుండె ఆగితే ఏం చేయాలో చెప్పే బోర్డు చదవడానికి వీలుగా ఉందో లేదో గమనిస్తాడు. అయిదు నిమిషాల్లో వచ్చి వెళ్లిపోయినవాడు ఇవన్నీ చూశాడంటే నమ్మగలమా?

ఆయన రాకముందే మీరూ ఒకసారి టేపు పట్టుకుని తిరగండి. కుండీలు జరపండి, గేటు బందులకి నూనె పెట్టండి. రెండో ఫీజు మిగులుతుంది.

తప్పారని చెబితే?

కంగారు పడకండి. ఏం సరిచేయాలో రాతపూర్వకంగా ఇస్తారు. చేయించి మళ్లీ పిలవాలి. ఆరు వారాల్లో సరి కాకపోతే ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ ఆ సంగతి కౌన్సిల్‌కి తెలియజేయాలి. ప్రమాదం పెద్దదైతే ఆరు వారాలు కూడా ఆగరు. "ఈసారికి చూసీచూడనట్టు పొండి" అని మాత్రం బతిమాలకండి. ఆయన కళ్లు మూసుకుంటే నష్టపోయేది మన ఇల్లే కదా!

ఇంకో మాట. గాలి ఊది నింపే ప్లాస్టిక్ కొలను తెచ్చి పిల్లలకి పెడుతుంటారు. అందులో 30 సెంటీమీటర్లకి మించి నీళ్లు పట్టేటట్టయితే దానికీ అక్కడ కంచె కావాలి. అంతకన్నా చిన్నదైతే ఆట అవగానే బోర్లించేయండి.

సర్టిఫికెట్ చెప్పేది తనిఖీ చేసిన రోజు సంగతి. మర్నాడు ఎవరో బట్టలారేయడానికి కుర్చీ తెచ్చి కంచె పక్కన పెట్టినా, చేతులు ఖాళీ లేక గేటుకి ఇటుక అడ్డం పెట్టినా, ఆ కాగితం పిల్లాణ్ణి ఆపలేదు. చుట్టాలొచ్చిన రోజున, పండగ రోజున "పిల్లల్ని ఇంకొకరు చూస్తున్నార్లే" అని అందరూ అనుకుంటారు. అలాంటప్పుడు పూల్ దగ్గర ఎవరుండాలో ఒకరి పేరు పెట్టి చెప్పండి.

ఆస్ట్రేలియాలో మీకెవరూ లేరా? హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్ తీసుకుని పుట్టినరోజులు చేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అడ్వాన్సు ఇచ్చేముందు పూల్ చుట్టూ కంచె ఉందా, గేటు దానంతటదే పడుతుందా అని అడగండి. లేదంటే ఇంకో చోటు చూసుకోండి. పిల్లాడి కన్నా ఆ వేడుక ఎక్కువ కాదు కదండీ!