గుకేశ్-డింగ్ చివరి గేమ్: డ్రా అయ్యే ఆట ఒక్క ఎత్తుతో ఎలా చేజారింది? 55వ ఎత్తులో అసలేం జరిగిందంటే..

2024 డిసెంబర్ 12, సింగపూర్. వరల్డ్ చెస్ చాంపియన్‌షిప్‌లో చివరిదైన 14వ గేమ్. అప్పటికి చైనా చాంపియన్ డింగ్ లిరెన్, చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగు మూలాల కుర్రాడు గుకేశ్ చెరో 6.5 పాయింట్లతో సమానంగా ఉన్నారు. ఇదీ డ్రా అయితే మర్నాడు టైబ్రేక్. స్పీడ్ గేమ్‌లలో డింగ్‌దే పైచేయి అని చాలామంది అంచనా.

బోర్డు దాదాపు ఖాళీ అయిపోయింది. ఇద్దరికీ రాజు, రూక్, బిషప్.. అంటే మన ఏనుగు, శకటు. తేడా ఒక్కటే, గుకేశ్‌కి రెండు బంట్లు, డింగ్‌కి ఒక్కటి. ఏనుగులు ఉన్నంతవరకు ఇది డ్రానే. ఎందుకంటే ఏనుగుతో చెక్‌లు ఇస్తూ బంట్లను ఆపొచ్చు.

డింగ్ 55వ ఎత్తులో తన ఏనుగుని ఎఫ్2 గడిలో పెట్టాడు. ఏనుగులు మారిపోతే ఆట తొందరగా తేలిపోతుందని అనుకుని ఉండాలి! చిక్కంతా శకటు దగ్గరే. అది ఎ8లో, అంటే బోర్డు మూలన ఉంది. ఐమూలగా మాత్రమే నడిచే శకటుకి మూల గడిలో ఒకే ఒక్క దారి. ఏనుగులు మార్చుకోగానే గుకేశ్ తన శకటుని డి5లోకి తెచ్చి ఆ దారిని మూసేశాడు. పక్కనే నల్ల రాజు కాపలా. ఇక శకట్లు మార్చుకోక తప్పదు. అవీ పోయాక మిగిలింది రాజులు, బంట్లే. అక్కడ ఆ ఎక్స్‌ట్రా బంటే ఆట తేల్చేసింది. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

తమాషా ఏంటంటే, ఈ తప్పు మొదట గుకేశ్‌కీ కనిపించలేదట. ఇంకో ఎత్తు వేయబోయి, ఆగి చూస్తే అర్థమైందని గేమ్ తర్వాత తనే చెప్పాడు.

టైటిల్ గిఫ్ట్‌గా వచ్చిందని మాజీ చాంపియన్ క్రామ్నిక్ లాంటివాళ్లు పెదవి విరిచారు. కానీ ఒక్క బంటు ఆధిక్యంతో, డ్రాకి ఒప్పుకోకుండా గంటల తరబడి ఆడించింది ఎవరు? డింగ్ గడియారంలో టైమ్ కరిగిపోయింది కూడా అందుకే కదా.

ఫైనల్ స్కోర్ 7.5-6.5. కాస్పరోవ్ 22 ఏళ్లకు సాధించిన టైటిల్ గుకేశ్‌కి 18 ఏళ్లకే దక్కింది. ఆ వీడియో మళ్లీ చూడండి.. డింగ్ చేయి కలిపి వెళ్లిపోయాక, గుకేశ్ ఏడుస్తూనే పావులన్నీ మళ్లీ వాటి గడుల్లో సర్దుతుంటాడు.