మీకు తెలుసా? చరియ విరిగితే శిలాజాలు రాలే ఊరు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్‌లో లైమ్ రీజిస్ అనే చిన్న ఊరుంది. చలికాలంలో తుఫాను వెలిసిందంటే అక్కడ జనం చూపులన్నీ ఒడ్డున పడ్డ రాళ్ల మీదే. ఊరి పక్కనున్న చరియల్లో సున్నపురాయి పొర, బంకమట్టి పొర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అదంతా దాదాపు 20 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద. వానకు మట్టి జారుతుంది, అలలు అడుగు కోస్తాయి, చరియ విరిగి లోపలి శిలాజాలు ఒడ్డున పడతాయి. ఎక్కువగా దొరికేవి చుట్టలు తిరిగిన గుల్లలుండే సముద్రజీవులు, అమ్మోనైట్లు. నేపాల్ గండకీ నది నుంచి మన పూజామందిరాలకు వచ్చే సాలగ్రామాల్లోని చక్రాలు కూడా అమ్మోనైట్లవే!

ఒడ్డున పడ్డదాన్ని వెంటనే తీయకపోతే అలలే పిండి చేసేస్తాయి. ఆ కాస్త వ్యవధిలో పనిచేసి బతికిన మనిషి మేరీ ఆనింగ్ (1799-1847). వడ్రంగి పని చేసే తండ్రి 1810లో అప్పులు మిగిల్చి పోయాడు. శిలాజాలు ఏరి అమ్మడమే ఇంటికి ఆధారమైంది. 1811లో అన్న జోసెఫ్‌కు ఓ పెద్ద పుర్రె కనబడింది. మరుసటి ఏడాది మిగతా ఎముకల జాడ పట్టింది మేరీయే. అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్లు. అది ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం. ఆ జీవుల పొట్ట భాగంలో దొరికే ఉండరాళ్లను పగలగొట్టి, అందులో చేప ఎముకలు, పొలుసులు ఉన్నాయని కూడా ఆమె గమనించింది. అవి రాయిగా మారిన మలం అని 1829లో భూగర్భ శాస్త్రవేత్త బక్‌లాండ్ ప్రకటించాడు.

1823లో ఆమె మరో సముద్ర సరీసృపం, పొడుగు మెడ ప్లీసియోసార్ అస్థిపంజరం మొత్తం వెలికితీసింది. అంత మెడ ఉంటుందా అని పారిస్‌లో మహాపండితుడు క్యువియే శంకించి, తర్వాత నిజమేనని ఒప్పుకున్నాడు. 1824లో లండన్ జియలాజికల్ సొసైటీలో దాని మీద ప్రసంగం జరిగింది. అందులో మేరీ పేరే ఎత్తలేదు. ఆ సొసైటీ 1919 దాకా ఆడవాళ్లకు సభ్యత్వమే ఇవ్వలేదు. చరియల కింద ప్రాణాలకు తెగించి తవ్వింది ఆమె. 1833లో విరిగిపడ్డ చరియ ఆమె పెంపుడు కుక్కను బలి తీసుకుంది, ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఇంత చేసిన మనిషి పేరు దాచడం ముమ్మాటికీ అన్యాయం.

ఆ ప్లీసియోసార్ ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు డైనోసార్ల దగ్గరే ఆగిపోకుండా దీన్నీ చూపించండి, తవ్వి తీసింది మేరీ ఆనింగ్ అని చెప్పండి.